ఏమీ రాయని కాగితం

మా మనవరాలు ఈ దీవిలోనే నటబువా అనే ఊళ్ళో బడికి పోతుంది. మొన్న సాయంత్రం నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నానీ, దీనికి జవాబు చెప్పు. రెండు వాక్యాలు చాలు. ఎక్కువ చెప్పొద్దు" అంది. అది హిందీలో అడుగుతుంది, నేను తెలుగులో ఆలోచించి హిందీలో చెబుతాను. మా ఇంట్లో తెలుగు నాతోనూ, దేవుడి గూటి దగ్గరా మిగిలింది.

ప్రశ్న ఇది: సమాజానికి ప్రభుత్వం ఎందుకు కావాలి? దాని అధికారం ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కువ చెప్పొద్దని అది ముందే ఎందుకందంటే, నా సంగతి దానికి తెలుసు. ఊళ్ళో లైబ్రరీలో కిటికీ పక్క అల్మరా, కింది నుంచి రెండో వరస, మొత్తం ఇలాంటి పుస్తకాలే. ఆ వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివింది నేనొక్కదాన్నేనని లైబ్రరీలో కూర్చునే అమ్మాయే చెప్పింది. బడి గడప తొక్కని మనిషిని. తెలుగు ఒక పెద్దాయన దగ్గర ఇసకలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు నా పిల్లల పుస్తకాల్లోంచి, వాళ్ళు నిద్రలేవకముందు, పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. కాబట్టి కాస్త గొప్ప చెప్పుకున్నా తప్పులేదనుకుంటాను.

ఆ పుస్తకాలు తలా ఒక మాట చెబుతాయి. రాజుకి అధికారం దేవుడిచ్చాడని ఒకటి. బలమున్నవాడి చేతిదే అధికారమని ఇంకొకటి. ఎక్కువ పుస్తకాలు మాత్రం ఒక కథ చెబుతాయి. మొదట్లో మనుషులకి పైన ఎవరూ లేరట. ఒకడిది ఒకడు లాక్కుంటూ, ఒకడికి ఒకడు భయపడుతూ బతికారట. ఆ బతుకు భరించలేక అందరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారట. తలా కొంచెం తమ ఇష్టాన్ని వదులుకున్నారట. ఆ ఒప్పందమే ప్రభుత్వానికి వేరు.

ఒప్పందం అన్న మాట వచ్చిన ప్రతిసారీ నేను చదవటం ఆపి నా కుడిచేతి బొటనవేలు చూసుకుంటాను. దీపం మసి, కొబ్బరినూనె కలిపిన వాసన వస్తుంది.

*

మద్రాసు నుంచి ఈ దీవికి వచ్చి ఓడ దిగేటప్పటికి నాకు మూడేళ్ళో నాలుగేళ్ళో. ఓడ నాకు గుర్తులేదు. నాకు తెలిసిన మొదటి ఊరు చెరుకుతోట మధ్యనున్న కూలీ లైను. పొడుగాటి రేకుల కొట్టాన్ని పలకలతో గదులు గదులుగా కోశారు. ఇటు పన్నెండు, అటు పన్నెండు. అమ్మ, నాయన, నేను, లైన్లోనే పుట్టిన చంటి తమ్ముడు, అందరికీ ఒక గది. కాళ్ళు చాపితే గోడ. గది మధ్య గోడలు కప్పుదాకా ఉండేవి కావు. పైన రెండు మూరల ఖాళీ. ఆ ఖాళీలోంచి పక్కగది దగ్గు, వాళ్ళ పొయ్యి పొగ, వాళ్ళ పోట్లాట, వాళ్ళ ఉప్పుచేప వాసన అన్నీ మా గదిలోకి దిగేవి. మా అమ్మ తాలింపు వేస్తే ఆ వరసంతా తుమ్మేది. "ఏమ్మే, మిరపకాయలు నీకు ఊరికే వచ్చినాయా?" అని పక్కగదిలోంచి అవ్వ అరిచేది.

అవ్వ మాకేమీ కాదు. అదే ఓడలో వచ్చిన మనిషి. కానీ ఒకే ఓడలో వచ్చినవాళ్ళు సొంతవాళ్ళకంటే ఎక్కువ. జహాజీలంటారు. ఆ బంధుత్వం ఎంత గట్టిదంటే వాళ్ళ పిల్లలకీ వీళ్ళ పిల్లలకీ పెళ్ళి కూడా చెయ్యరు. అవ్వ ఓడలో తన చెంగున గోంగూర విత్తనాలు ముడివేసి తెచ్చింది. లైను వెనక మురుగుకాలువ పక్కన అవి మొలిచాయి. ఆదివారం దాల్లో ఆ ఆకు పడితే అమ్మా అవ్వా తింటూ మాట్లాడేవాళ్ళు కారు.

పెద్దవాళ్ళ మాటలన్నీ ఒకటే: గిరిమిట్టు ఎప్పుడు ముగుస్తుంది? ఐదేళ్ళకని మద్రాసులో వేలిముద్ర వేయించుకున్న కాగితం అది. అది ముగిసేదాకా తోట దాటాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా దాటితే కోర్టు, జైలు. జైల్లో ఎన్ని రోజులుంటే గిరిమిట్టు చివర అన్ని రోజులు కలుస్తాయి. అమ్మ తలుపు వెనక బొగ్గుతో గీతలు గీసేది, రోజుకొకటి చెరిపేది. నేను చెప్పబోయే ఎండాకాలం మొదట్లో, ఆ తలుపు మీద అరవై గీతలు మిగిలాయి. నది అవతల ఒక కైవీతి పెద్దాయన, అంటే ఈ దేశం మనిషి, నాయనకి కొంచెం నేల కౌలుకి ఇస్తానన్నాడు. వానలకు ముందు వచ్చి దున్నుకోవాలి, లేకపోతే ఇంకొకరికిస్తానన్నాడు. ఇంటికి తలుపు ఎటు పెట్టాలన్న దానిమీద అమ్మకీ నాయనకీ అప్పుడే తగువులు.

*

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. లైనుకి ఒకటే బావి. నీళ్ళు అడుక్కి పోయాయి. నది దగ్గరే, గుట్ట ఎక్కితే మెరుస్తూ కనిపించేది. కానీ అది తోట హద్దుకి అవతల. గాలి అటునుంచి వీస్తే తడిమట్టి వాసన వచ్చేది. ఆ వాసన పీల్చుకుంటూ మేం ఎండిన బావి చుట్టూ తిరిగేవాళ్ళం.

ముందు పోట్లాటలు మొదలయ్యాయి. కుండలు పగిలాయి. ఒక ఆడమనిషి చెయ్యి విరిగింది. అప్పుడు సర్దారు వచ్చి బావి దగ్గర నిలబడ్డాడు. సర్దారు అంటే మాతో పని చేయించే మేస్త్రీ, మా భాషవాడే. మొదటి రెండు రోజులూ "అమ్మయ్య, ఒకడొచ్చాడు" అనుకున్నారు. మూడోరోజు నుంచి ఆయనకి కోడిగుడ్డు ఇచ్చినవాళ్ళ కుండ ముందు నిండటం మొదలైంది. కోళ్ళు లేనివాళ్ళకి బురద మిగిలింది. మాకు కోళ్ళు లేవు.

ఒక ఆదివారం పెద్దవాళ్ళంతా లైను వెనక చింతచెట్టు కింద కూర్చున్నారు. తెలుగువాళ్ళు, తమిళులు, ఉత్తరాదివాళ్ళు, ఒక సాయిబు. సముద్రం అవతల సొంత ఊళ్ళల్లో అయితే ఒకరి పక్కన ఒకరు కూర్చునేవాళ్ళు కారు. వాళ్ళలో ఎవరి మాట ఎవరు వినాలి? మునసబు లేడు, కరణం లేడు, కులపెద్ద లేడు.

"నా మాట ఎందుకు వింటారు మీరు? వినరు" అన్నాడు నాయన. "నీ మాట నేనూ వినను. సర్దారు మాట వింటున్నాం, భయంతో. భయం లేకుండా వినే మాట ఒకటి కావాలి మనకి."

పొద్దు తిరిగేదాకా వాదించి ఒక పద్ధతి పెట్టుకున్నారు. గదికి పొద్దున రెండు కుండలు, సాయంత్రం రెండు. వరసగా. రోజూ ఆఖరున తోడేవాళ్ళకి బురదే వస్తుంది కాబట్టి, మొదటి వంతు రోజుకొక గది జరగాలి. ఇవాళ నువ్వు మొదలైతే రేపు నువ్వే చివర. వరస తప్పినవాళ్ళకీ, ఈ పద్ధతికి చెరుపు చేసినవాళ్ళకీ ఒకరోజు నీళ్ళు లేవు. ఎవరైనా సరే. తాడు అవ్వ దగ్గరుండాలి. అడుగుదాకా అందే తాడు ఆమెది ఒక్కటే. ఒక కైవీతి ఆడమనిషి దగ్గర నేర్చుకుని వావు చెట్టు నారతో పేనింది.

అంతా అయ్యాక ఉత్తరాదాయన తల అడ్డంగా ఊపాడు. "నోటిమాట రేపటికి ఉండదు. కాగితం కావాలి."

రాయటం ఎవరికీ రాదు. నాయన నవ్వాడు. "రాయకపోతే ఏం? వేలు పెడితే చాలదా? మనల్ని సముద్రం దాటించింది రాత కాదు కదా, వేలే కదా."

అది అందరికీ నచ్చింది. దుకాణంలో పొట్లం కట్టిన తెల్లకాగితాన్ని అవ్వ నున్నగా సాపు చేసింది. దీపం మసిలో కొబ్బరినూనె కలిపారు. ఒక్క అక్షరం లేని ఆ కాగితం మీద నలభైమందికి పైగా వరసగా వచ్చి బొటనవేళ్ళు ఒత్తారు. ఏదో పెళ్ళి జరుగుతున్నట్టు నవ్వుకున్నారు. కాగితమంటే వాళ్ళకి తెలిసిన కాగితం ఒక్కటే.

నేనూ వరసలో నిలబడ్డాను. అవ్వ నా చెయ్యి పక్కకి తోసింది. "పిల్లలకి వేలు లేదు, పోమ్మే."

"నీళ్ళు మోసేది మేమేగా?" అన్నాను.

నిజమే మరి. పెద్దవాళ్ళు చేలో ఉంటే సాయంత్రం కుండలు మోసేది పిల్లలే. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

*

ఆ పద్ధతి నిలబడిందంటే ఇప్పటికీ నాకు వింతే. మూడు వారాలు ఒక్క కుండ పగల్లేదు. సర్దారు బావి దగ్గరికి రావటం మానేశాడు. ఆయన్ని అక్కడ ఎవరూ ఏమీ అడగటంలేదు మరి. ఎవరూ తిట్టలేదు, ఎదురు తిరగలేదు, ఆయన అక్కర తీరిపోయిందంతే. అదే ఆయన్ని కాల్చిందనుకుంటాను.

మేం పిల్లలం ఆడుకునే ఆటల్లో కులంబరాట ఒకటి. కులంబరు అంటే సర్దారు పైన ఉండే తెల్లదొర. ఒకరు బోర్లించిన కిరసనాయిలు డబ్బా మీద కూర్చుని బొప్పాయి కాడ చుట్టలా పట్టుకుంటారు. మిగతావాళ్ళు వరసగా వచ్చి ఆకుమీద వేలు పెట్టాలి. "పో, చెరుకు నరుకు" అని కులంబరు వీపు మీద ఒకటి వేస్తాడు. ఆరోజు నేను కులంబరుని. ఆకుతో ఆట చప్పగా ఉందనిపించింది. నాయన అసలు కాగితాన్ని వెదురుబొంగులో దాచి చూరులో దోపాడు. పెద్దవాళ్ళు చేలో ఉన్నారు. గోడ ఎక్కి తీసుకొచ్చాను. పిల్లలందరూ నోళ్ళు తెరిచారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. దీపం బుడ్డి మసి వేలికి రాసుకుని, కాగితం చివర, అందరి కింద, నా బొటనవేలు గట్టిగా ఒత్తాను. పెద్ద ముద్రల కింద అది చిన్న పెసరగింజలా పడింది. చెప్పలేనంత సంతోషం వేసింది. నేనూ లెక్కలోకి వచ్చాను.

ఇంతలో సర్దారు బూట్ల చప్పుడు. కాగితం డబ్బా కింద తోసి పరిగెత్తాం. ఆయనకి డబ్బా కావలసి వచ్చిందేమో, దాన్ని ఎత్తాడు.

మమ్మల్ని పిలిచి వరసగా నిలబెట్టాడు, పొద్దున పెద్దవాళ్ళని నిలబెట్టినట్టే. కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇన్ని వేళ్ళలో ఏది ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు" అని తనలో తను అనుకున్నాడు. తర్వాత కాగితం చివర చూశాడు. "చేతులు చాపండి."

పావడాకి ఎంత తుడిచినా నూనెమసి పోదు. ఆయన నా బొటనవేలు పట్టుకుని కాగితం మీది పెసరగింజ పక్కన పెట్టి చూశాడు. నన్ను కొట్టలేదు. "ఇంటికి పోమ్మా" అన్నాడు మెత్తగా. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

మర్నాడు పొద్దున వరసలో కులంబరు గుర్రం దిగకుండానే కాగితం పైకెత్తాడు. ఆయన వచ్చీరాని హిందీలో అడిగితే సర్దారు మాకు తెలుగులో చెప్పాడు.

"ఇందులో ఏం రాసుందని దొర అడుగుతున్నాడు."

"ఏమీ రాయలేదు" అన్నాడు నాయన.

"ఏమీ రాయకుండా ఇంతమంది వేళ్ళెందుకు పెట్టారు?"

"నీళ్ళ కోసం."

దొర నవ్వాడు. నీళ్ళకి కాగితం ఎందుకు, ఇది పని మానేయటానికి చేసిన కట్టు అన్నాడు. రాసి ఉంటే చదువుకునేవాడు. ఏమీ లేకపోవటమే ఆయన్ని భయపెట్టిందని ఇన్నేళ్ళకి నాకు తోస్తుంది. ఆ ఖాళీలో ఆయనకి ఏది కావాలంటే అది కనిపించింది.

"మీ అందరి వేళ్ళూ ఉన్నాయి దీంట్లో. పెద్ద ఎవరు?"

అవ్వ నేలవైపు చూసింది. సాయిబు నేలవైపు చూశాడు. సర్దారు మాత్రం నావైపు చూశాడు. నాయన ఆ చూపు వెంట వచ్చి నన్ను చూశాడు, నా వేలు చూశాడు. ఒక్క క్షణం. "కాగితం నాదే" అన్నాడు.

సోమవారం కోర్టుకి రమ్మన్నారు. గది తలుపు వెనక అప్పటికి ముప్ఫైమూడు గీతలున్నాయి.

"ఒక్కడు, ఒక్కడు నోరు విప్పలేదు" అని అమ్మ గోడ పైన ఖాళీలోంచి రెండు వరసలకీ వినిపించేలా అరిచింది. "వేలు పెట్టేటప్పుడు వరస కట్టారే, ఇప్పుడేమయింది మీ వరస?" ఏ గదిలోనూ దగ్గు కూడా వినిపించలేదు.

ఆదివారం మళ్ళీ చింతచెట్టు కింద కూర్చున్నారు. ఉత్తరాదాయన అడిగాడు. "కాగితం దొర దగ్గరుంది. ఇక ఎవరి మాట ప్రకారం నడవాలి?"

అవ్వ భుజం మీది తాడు తీసి అందరి మధ్యలో నేలమీద పడేసింది. "నా దగ్గర మాత్రం ఏముంది? నారతాడు. కావలసినవాళ్ళు తీసుకోండి. బలముంటే తీసుకోండి."

తాడు అక్కడే చుట్టచుట్టుకుని పడివుంది. నలభైమంది చుట్టూ ఉన్నారు. అందరి ఇళ్ళలో కుండలు అడుగంటి ఉన్నాయి. నేను అమ్మ వెనక నిలబడి చూస్తున్నాను. ఎవరైనా వంగుతారని చూస్తున్నాను. ఎవరూ వంగలేదు. చివరికి సాయిబు "ఇవాళ మొదటి వంతు పదకొండో గదిది కదా" అన్నాడు. అంతే. అవ్వ తాడు తీసి భుజాన వేసుకుంది.

అందరూ లేవబోతుంటే నాయన కూర్చోమన్నాడు. "ఇంకొకటుంది. పద్ధతికి చెరుపు చేసినవాళ్ళకి ఒకరోజు నీళ్ళు లేవన్నాం. చెరుపు మా గదిలోనే జరిగింది."

"ఏమయ్యా, మతి పోయిందా?" అంది అమ్మ. "చంటిబిడ్డ ఉంది గదిలో. మన పిల్ల చిన్నది, తెలీక చేసింది."

"చిన్నదే. కానీ వేలు పెట్టింది కదా." నాయన నావైపు చూడలేదు. "రేపు నేనుండను. నా గదికి ఒక రకం, ఇంకో గదికి ఒక రకం అని రేపు ఎవరూ అనకూడదు."

వద్దని ఎవరైనా అంటారని అమ్మ ఒక్కొక్కరి ముఖం చూసింది. ఆరోజు ఆమె తిట్టిన ముఖాలే అవి. ఎవరూ అనలేదు.

సోమవారం నాయన్ని తీసుకుపోయారు. ఆరోజు మా కుండలు తాకకుండానే వరస మమ్మల్ని దాటిపోయింది. నేను గడపలో కూర్చుని మిగతా పిల్లలు మోసుకుపోతుంటే చూశాను. ఎవరూ వెక్కిరించలేదు. వెక్కిరిస్తే బాగుండేది. మధ్యాహ్నానికి తమ్ముడు ఏడుపు గీరుకుపోయింది. అమ్మ చేలో నుంచి వచ్చి వాడికి పాలిచ్చి, ఖాళీ కుండ ఒకసారి ఊపి చూసి, పక్కన పెట్టింది.

పొద్దు గుంకుతుండగా పైన గోడ ఖాళీలో గాజుల చప్పుడైంది. అవ్వ చెయ్యి, చేతిలో చెంబు. మంచం మీద ఎక్కి నిలబడినట్టుంది, ఆయాసపడుతోంది.

"పట్టుకోమ్మే, చేతులు నొప్పి."

నేను కదల్లేదు. "మాకు ఇవాళ లేవుగా" అన్నాను.

"లేవు. మీ వంతు పోయింది. ఇది నా వంతులోది. నా వంతు నేను తాగుతానో, తలమీద పోసుకుంటానో నా ఇష్టం. పట్టుకో."

అమ్మ లేచి అందుకుంది. గోడకి అటువైపు అవ్వ కిందికి దిగిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు, కొంచెం చిన్నగా: "ఆరోజు నేను నోరు విప్పి ఉండాల్సింది." అమ్మ చెంబు తమ్ముడి నోటికి పెట్టింది. వాడు తాగాక, "గోంగూర ఉందా?" అని అడిగింది.

*

నాయన నెలకి తిరిగొచ్చాడు. జైల్లో నెల, గిరిమిట్టు చివర ఇంకో నెల. అమ్మ గిరిమిట్టు మాత్రం అనుకున్న రోజుకే ముగిసింది. ఆరోజు పొద్దున అమ్మ గడప దాటి, గుట్టదాకా నడిచి, నదిని చూసి వెనక్కి వచ్చింది. ఎవరూ ఆపలేదు. వెళ్ళటానికి చోటులేదంతే. వానలు వచ్చేశాయి. కైవీతి పెద్దాయన చెప్పినట్టే నేల వేరేవాళ్ళకి ఇచ్చేశాడు.

చివరికి నాయన మరో ఏడాది పనికి కాగితం మీద వేలు పెట్టాడు. నన్ను వెంటపెట్టుకుపోయాడు, ఎందుకో. ఆఫీసు మెట్ల పక్కన గడ్డికి బొటనవేలు తుడుచుకుంటుంటే అడిగాను. "నాయనా, ఆ కాగితంలో ఏముందో తెలుసా నీకు?"

"మద్రాసులో తెలీదు" అన్నాడు. "ఇప్పుడు తెలుసు."

"తెలిసి ఎందుకు పెట్టావు?"

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. నీ వల్లే అని మాత్రం అనలేదు. చచ్చిపోయేదాకా ఆ మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఆ మాట అంటాడేమోనని నేను ఆయన చచ్చిపోయేదాకా ఎదురుచూశాను.

లైను ఇప్పుడు లేదు. బావి పూడ్చేశారు. అక్కడ ఎవరివో వంకాయ తోటలు. సింగటోకా వెళ్ళే బస్సులో ఆ మలుపు దగ్గర నేను కిటికీ వైపు కూర్చుంటాను. అక్షరాలు ఎందుకు నేర్చుకున్నానంటే, ఏ ఆఫీసులోనూ మళ్ళీ వేలు పెట్టకుండా ఉండటానికి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పెట్టలేదు.

ఆ అల్మరా పుస్తకాలు రాసినవాళ్ళు గొప్పవాళ్ళే. వాళ్ళ ఒప్పందం అబద్ధమని నేననను. కానీ మా నాయన మూడుసార్లు వేలు పెట్టాడు. ఒకసారి తెలీక, ఒకసారి గతిలేక. మధ్యలో ఒకసారి మాత్రం, ఏమీ రాయని కాగితం మీద, నవ్వుతూ.

మనవరాలికి రెండు వాక్యాలు చెప్పాను. మనుషులు ఒకరికొకరు భయపడకుండా బతకటానికి ప్రభుత్వం కావాలి. దాని అధికారం ప్రజల ఒప్పుదల నుంచి వస్తుంది. అది రాసుకుని, "ఇంతేనా నానీ? నిజంగా ఇంతేనా?" అంది అనుమానంగా.

ఇంతే కాదు. నలభైమంది దాహంతో ఉన్నారు, మధ్యలో నేలమీద ఒక తాడు పడివుంది. కానీ అది రెండు వాక్యాల్లో పట్టదు. పుస్తకం మూసి, "చెయ్యి చాపు" అన్నాను. దాని బొటనవేలికి సిరా అంటి ఉంది. చెంగు తడిపి, అది పోయేదాకా తుడిచాను.